బరువు మీద అతుకు

అతుకు నిలిస్తే గిగోది, తెగితే మక్వాలాది. కొండ కింది మా అలవానీ ఊళ్ళో పదకొండేళ్ళుగా నడుస్తున్న న్యాయం ఇది. దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

మే నెల ఆఖరి సోమవారం పొద్దున ఇమేదా తన పాత నీవా జీపుని గ్యారేజీ ముందు ఆపాడు. అరవై దాటిన మనిషి, తూకం వేస్తే నూట ఇరవై కిలోలకి తగ్గడు. కొండ మీది వేసవి ఊళ్ళకి, గొర్రెల మందల దగ్గరికి ముప్ఫై ఏళ్ళుగా సరుకు మోస్తున్నాడు. బండి దిగి డ్రైవరు తలుపు వేశాడు. పడలేదు. తొడతో తోశాడు. పడలేదు. మూడోసారి ప్రయత్నించలేదు. తలుపుని అలాగే వేలాడనిచ్చి నడిచాడు. లోపల టీ తాగుతున్న గిగో దగ్గరికి కాదు, వాకిట్లో ద్రాక్షతోటకి ఇనప గుంజలు కోస్తున్న మక్వాలా దగ్గరికి.

"ఆ కట్టర్ ఆపు," అన్నాడు. "ఆపి నా బండి కిందికి చూడు. నిరుడు నువ్వేసిన రేకు చీలిపోయింది. స్టీరింగు తిప్పితే బండి కాసేపు ఆలోచించి అప్పుడు తిరుగుతోంది. మంచు తవ్వేవాళ్ళకి అన్నం ఇచ్చి రావడానికి కింది మలుపుల దాకా వెళ్ళానంతే. పైదాకా వెళ్ళుంటే ఈ పాటికి నా పేరు రాయి మీద చెక్కేవాళ్ళు!"

మక్వాలా కట్టర్ ఆపింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది. యాభై రెండేళ్ళ సన్నటి మనిషి. మణికట్లు మాత్రం లావు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన తెల్లటి చుక్కలు.

"ఏ పక్క?" అంది.

"ఎడమ పక్క. నువ్వేసిందే. కుడి పక్క గిగో వేసింది చూడు, రాయిలా ఉంది."

గిగో టీ గ్లాసుతోనే బయటికొచ్చాడు. మక్వాలా పోయిన మొగుడికి తమ్ముడు. బోర్డు మీద ఉన్నది అతని పేరు. వచ్చినవాళ్ళతో మాట్లాడేది అతను, తాళాలు తీసుకునేది అతను, పనయ్యాక బానెట్ మీద చరిచి "నూరేళ్ళు నడుస్తుంది, పో" అనేది అతను. బండి కింద తవ్విన గొయ్యిలో నిలబడి, మెడ వెనక్కి విరుచుకుని, రోజంతా అతికేది ఆమె. గొయ్యిలో ఉన్న మనిషి పేరు పైన నిలబడ్డవాళ్ళకి వినపడదు.

"ఎడమ పక్క జాగ్రత్త అని నీకెన్నిసార్లు చెప్పాను వదినా?" అన్నాడు గిగో.

మక్వాలా అతని కళ్ళలోకి చూసింది. నిరుడు సెప్టెంబరులో ఈ బండికి కుడి రేకు వేసింది తను. అక్టోబరులో ఎడమ రేకు వేసినప్పుడు తను అలవానీలోనే లేదు. తుంటి విరిగిన తల్లి దగ్గర, తెలావి ఆసుపత్రిలో, పద్దెనిమిది రోజులు మంచం పక్కన నేల మీద పడుకుంది. గిగోకి తెలుసు. ఆమెని బస్సు ఎక్కించింది అతనే.

గిగో చూపు తిప్పుకున్నాడు. పక్కన టైర్లకి గాలి పట్టించుకోవడానికొచ్చిన ఇద్దరు నిలబడి వింటున్నారు. వాళ్ళు వింటున్నారు కాబట్టే అతను ఇంకో మాట అన్నాడు.

"ఆడచెయ్యి కదా ఇమేదా. గేట్లకీ, సమాధుల చుట్టూ కంచెలకీ బాగానే ఉంటుంది. ఇకనుంచి బండ్ల కింద పని నేనొక్కణ్ణే చూసుకుంటా. వదిన గేట్లు చేసుకుంటుంది."

అంతే. గ్లాసులో టీ చల్లారేలోపు ఒక మనిషి చేతుల్లోంచి పదకొండేళ్ళ పని లాగేసుకున్నారు. ఆమె నోరు తెరవలేదు. తెరిస్తే ఇంటి గుట్టు వీధిలో పెట్టిందంటారు. మూసుకుంటే తప్పు ఒప్పుకుందంటారు. ఇలాంటి చోట ఆడమనిషికి మిగిల్చే దారులు ఈ రెండే, రెండూ గోడకే పోతాయి.

కానీ ఇమేదా ఒప్పుకోలేదు. ఆమె మీద జాలితో కాదు. "అదెలా కుదురుతుంది గిగో? తెగిన అతుకు వేసిన చెయ్యే మళ్ళీ వెయ్యాలి. వేసిన మనిషే మొదటి ప్రయాణంలో కనుమ దాకా పక్క సీట్లో కూర్చోవాలి. మా నాన్న కాలం నుంచీ డ్రైవర్ల కట్టుబాటు. నువ్వొచ్చి మార్చావా?"

గిగో మిగిలిన టీ ఒక్క గుక్కలో మింగాడు. నేనే వేశానంటే ఆ సీట్లో, ఆ లోయ పక్కన, కూర్చోవాల్సింది తను. "సరే," అన్నాడు. "ఈ ఒక్కటీ చేస్తుంది. ఇదే ఆఖరు."

"మంచు తీసి శనివారం కొండ దారి తెరుస్తున్నారు," అన్నాడు ఇమేదా మక్వాలా వైపు తిరిగి. "శుక్రవారానికి కావాలి."

"అవుతుంది. నా పద్ధతిలో అయితేనే. బుధవారం పొద్దున, శనివారం కొండకి మోసుకెళ్ళే సరుకంతా పట్టుకుని రా. ఉప్పు, పిండి, అన్నీ. గ్యాసు బండలు మాత్రం వద్దు, అంత బరువుకి తడి ఇసక బస్తాలు తే. నువ్వు కూడా ఉండాలి."

"నేనెందుకు?"

"నువ్వు కూడా సరుకే."

టైర్ల గాలికొచ్చినవాళ్ళు ఫక్కున నవ్వారు.

*

నీవాకి అడుగున వేరే చాసిస్ ఉండదు. దాని ఒళ్ళే దాని ఎముక. ముందుభాగాన అటొకటి ఇటొకటి, రేకు మడిచి చేసిన బోలు దూలాలు రెండుంటాయి. ఆ రేకు రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. స్టీరింగు పెట్టెని ఎడమ దూలానికి బిగిస్తారు. మలుపు తిప్పినప్పుడల్లా, చక్రం రాయిని తన్నినప్పుడల్లా ఆ గుంజుడంతా అక్కడే పడుతుంది. అందుకే కొండెక్కే పాత బండ్లకి అక్కడ మందపాటి రేకు అతికించుకుంటారు. అతికేవాళ్ళు ఊరికి నలుగురుంటారు. అతకడం తెలిసినవాళ్ళని మాత్రం వెతుక్కోవాలి.

మంగళవారమంతా మక్వాలా నిప్పు వెలిగించలేదు. బ్యాటరీ తీగలు విప్పింది. ట్యాంకులో పెట్రోలు దింపింది. ముందు సీట్లు ఊడదీసి, నేల మీది పట్టాలన్నీ పెరికి ఎండలో పడేసింది. గొయ్యిలోకి దిగి, దూలానికి పట్టిన తారు గీకడం మొదలుపెట్టింది. తారు, బురద, ఇరవై ఏళ్ళ గ్రీజు. నల్లటి పెచ్చులు జుట్టులో, మెడలో, కాలరు లోపల పడుతున్నాయి. దులుపుకోవడానికి కూడా ఆగలేదు. గీకుడు బిళ్ళ తర్వాత తీగల బ్రష్షు, బ్రష్షు తర్వాత ఉప్పుకాగితం. మధ్యాహ్నానికి జానెడు జానెడుగా తెల్లటి ఇనుము బయటపడింది. దాని మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపింది. కంటికి దొరకని సన్నపు చీలిక వేలికి దొరుకుతుంది.

పాత రేకుని కట్టర్‌తో కోసి ఊడదీసింది. వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. అతుకు తెగలేదు. అతుకు పక్కన దూలం రేకు తెగింది. ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపున ఈ చివరి నుంచి ఆ చివరికి కాల్చుకుంటూ పోయారు. పక్క ఇనుమంతా మాడి నీలం తిరిగింది. రేకు చివర కత్తితో గీసినట్టు దూలానికి అడ్డంగా కోశారు, చీలిక సరిగ్గా ఆ గీత వెంటే పోయింది. పైగా ముక్కు కింద జాకీ పెట్టి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా అతికారు. అప్పుడు దూలం ఏ వంకరలో ఉందో ఆ వంకర అలాగే బిగుసుకుపోయింది. కిందికి దించాక తలుపుకి తన చోటు దొరకలేదు.

గొయ్యి అంచున గిగో బూట్లు కనపడ్డాయి. చుట్టూ ఎవరూ లేరు.

"చూశావా?" అన్నాడు.

"చూశా."

"ఎవరితోనూ అనకు వదినా. ఈ వేసవి గడవనీ. నోరు జారింది."

"జారింది నీ నోరు. పడింది నేను."

 బూట్లు వెళ్ళిపోయాయి.

బుధవారం ఇమేదా బండి నిండా ఉప్పు బస్తాలు, పిండి బస్తాలు, ఇసక బస్తాలు వేయించాడు. మక్వాలా వాటన్నిటి మీదా తడిపిన కంబళి కప్పింది. బండి గొయ్యికి అటూ ఇటూ తన నాలుగు చక్రాల మీద తనే నిలబడి ఉంది. ఎత్తి పట్టే జాకీ లేదు, దిమ్మెలు లేవు. సీటు తీసేసిన చోట ఒక చెక్క వేసి, ఇమేదా చేతికి తడి గుడ్డ, నీళ్ళ సీసా ఇచ్చింది.

"పొగ కనపడితే గుడ్డ వెయ్యి. మంట కనపడితే నీళ్ళు పొయ్యి. నేను చెప్పినప్పుడు తలుపు తెరిచి వెయ్యి."

"ఇంకేమైనా ఉందా? పాట పాడనా?"

"పాడొద్దు. ఇనుము మాట వినపడదు."

గిగో అటుగా వెళ్తూ అందరికీ వినపడేలా అన్నాడు. "సరుకుతో సహా వెల్డింగా? గొర్రెల్ని కూడా ఎక్కించాల్సింది వదినా! కుక్కని మర్చిపోయావు!"

మక్వాలా గొయ్యిలోకి దిగింది. బరువు పడగానే చీలిక పెదవుల్లా తెరుచుకుంది. ఆమె ఎదురుచూసింది దానికోసమే. దూలం కింద చెక్కముక్క ఆనించి, మరజాకీని పావు చుట్టు తిప్పింది. చక్రాలు లేవనే లేదు. "తలుపు," అంది. ఇమేదా తెరిచి వేశాడు. గరగరమంది. ఇంకో పావు చుట్టు. "తలుపు." గరగర తగ్గింది. అర గంట అలా సాగింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో తలుపు ఎక్కడా రాసుకోకుండా వెళ్ళి దాని చోట అది కూర్చుంది. ఇమేదా చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. అక్టోబరు తర్వాత ఆ చప్పుడు అతను వినలేదు.

"ఇప్పుడు కదలకు," అంది మక్వాలా. "దూలానికి తన ఆకారం గుర్తొచ్చింది. మర్చిపోకముందే పట్టుకోవాలి."

చీలిక రెండు కొసలా చిన్న బెజ్జాలు వేసింది, ఇంక ముందుకి పాకకుండా. చీలికని గాడిలా గీసి నింపి, పైన సాఫు చేసింది. అట్టముక్కని దూలానికి ఒత్తి, అంచులు వేలితో నొక్కి, అచ్చు తీసుకుంది. ఆ అచ్చు ప్రకారం మూడు మిల్లీమీటర్ల రేకు కోసింది. చివర్లు అడ్డంగా కొయ్యలేదు, చేపతోకలా చీల్చి ఏటవాలుగా దించింది, లాగుడంతా ఒక్క గీత మీద పడకుండా. స్టీరింగు బోల్టులు దూరేచోట దూలం లోపల గొట్టపు ముక్కలు పెట్టింది, బిగిస్తే రేకు నొక్కుకుపోకుండా. రేకు నడుమ వేలు పట్టేంత బెజ్జాలు పొడిచింది, వాటి లోపల కూడా అతుకు పడేందుకు. ఇదంతా ఆమెకి ఏ బడిలోనూ ఎవరూ నేర్పలేదు. తెగిన ప్రతి బండీ కొంచెం కొంచెం చెప్పింది, ఆమె విన్నది.

ముసుగు దించుకుని అంగుళం అతికింది. ఆపింది. ఆ చివరికి వెళ్ళి ఇంకో అంగుళం. ఆపింది. చేతి వెనకవైపు ఇనుముకి దగ్గరగా పెట్టి వేడి చూసింది. నీళ్ళు చల్లలేదు, గాలి కొట్టలేదు. దాని అంతట అది చల్లారేదాకా ఊరికే నిలబడింది. నిలబడడం కూడా పనే. దాన్ని పని అని ఒప్పుకోనివాళ్ళ చేతిలోనే ఇనుము మాడుతుంది.

నేల రేకులో రబ్బరు బిరడా తీసేసిన బెజ్జం ఒకటుంది, నాణెమంత. ఇమేదా దానికి మొహం దగ్గరపెట్టాడు.

"అమ్మాయ్, కింద ఉన్నావా? చప్పుడే లేదు."

"లేను. తెలావి వెళ్ళా."

ఇమేదా పొట్ట ఊగేలా నవ్వాడు. బండి కూడా ఊగింది.

"కదలకన్నానా!"

"సరే సరే. తెలావి అంటే గుర్తొచ్చింది. మీ అమ్మకెలా ఉంది? ఆసుపత్రిలో ఉందన్నారు."

"కర్ర పట్టుకుని నడుస్తోంది. కోళ్ళని తిడుతోంది. బాగున్నట్టే."

"దగ్గరెవరున్నారు అప్పుడు?"

"ఎవరుంటారు? నేనే."

"ఎన్నాళ్ళు?"

"పద్దెనిమిది రోజులు. మొహం పక్కకి తీయి, రవ్వలొస్తున్నాయి."

బెజ్జంలోంచి నీలపు వెలుగు లేచి బండి పైకప్పు మీద వణికింది, ఆగింది. ఇమేదా తడి గుడ్డ పిండుతూ కూర్చున్నాడు.

"పద్దెనిమిది రోజులంటే... ఎప్పుడది?"

"అక్టోబరు. ద్రాక్ష కోతలయ్యాక."

 మధ్యాహ్నం ఇమేదా భార్య పంపిన కోటోరి రొట్టెలు, జున్ను నంజుకుంటూ గొయ్యి మెట్ల మీద కూర్చుని తిన్నారు. తినడం అయ్యాక అతను చేతులు చొక్కాకి తుడుచుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని, గొయ్యిలోకి దిగాడు. ముప్ఫై ఏళ్ళలో తన బండి కింద నిలబడ్డం అదే మొదటిసారి. ముందు కుడి దూలం మీద చెయ్యి పెట్టాడు. నిరుటి రేకు. అంగుళం అతుకు, అంగుళం ఖాళీ, అంగుళం అతుకు. ఒక్కో అతుకూ చేప పొలుసుల వరసలా. తర్వాత ఎడమ దూలం మీద, ఇప్పుడిప్పుడే చల్లారుతున్న అతుకుల మీద వేలు జరిపాడు. మళ్ళీ కుడి వైపు వెళ్ళాడు. మళ్ళీ ఎడమ.

"ఈ కుడిది గిగో వేసిందేనా?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

మక్వాలా రొట్టె ముక్క నములుతోంది.  ముసుగు అందుకుని, "పైకి పో. ఇనుము ఎదురుచూస్తోంది," అంది.

ఇమేదా పైకెక్కాడు. ఆ మధ్యాహ్నం నుంచి అతను జోకులు వెయ్యలేదు. తలుపు తెరవమంటే తెరిచాడు, వెయ్యమంటే వేశాడు. గురువారం కూడా అంతే. శుక్రవారం సాయంత్రానికి దూలానికి రంగు పడింది, లోపలి బోలులోకి మైనం పడింది, స్టీరింగు పెట్టె బిగిసింది. ఇమేదా చిటికెన వేలితో తలుపు తోశాడు. టక్.

"ఎంతివ్వాలి?" అన్నాడు అలవాటుకొద్దీ.

"తెగిన అతుక్కి డబ్బు తీసుకోరు," అంది మక్వాలా. "కట్టుబాటు నువ్వే చెప్పావుగా."

ఇమేదా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

*

శనివారం తెల్లవారగానే బయల్దేరారు. గిగో గేటు దగ్గర నిలబడి, "దగ్గరుండి చేయించాను ఇమేదా! నూరేళ్ళు!" అని బానెట్ మీద చరిచాడు. ఇమేదా అద్దం పైకెత్తుకున్నాడు.

మక్వాలా లోయ పక్క సీట్లో కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, చెవులు మాత్రం కింద ఉన్నాయి. కింది మలుపుల్లో రాళ్ళు అడుగుని తన్నుతున్నాయి. నీళ్ళు దారి మీదికి దూకేచోట బండి ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంది. ఆరు బస్తాల ఉప్పు వెనక మూలిగింది. ఎడమ దూలం ఏమీ అనలేదు. మంచు గోడల మధ్య ఒక మలుపు ఉంది, ఒక్క తిప్పుకి తిరగదు. ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళాలి. వెనక్కొచ్చినప్పుడు ఎడమ ముందు చక్రం గుంటలోకి దిగి, కుడి వెనక చక్రం గాల్లోకి లేచింది. బండి మొత్తం తడిగుడ్డని పిండినట్టు మెలితిరిగింది. తన చెయ్యి గేట్లకా, బండ్లకా అన్నది ఆ క్షణంలో తేలిపోతుంది. ఆమెకి తెలుసు. దాంతో పాటు ఇంకా చాలా తేలిపోతుంది, కింద లోయ ఉంది కాబట్టి.

ఇమేదా స్టీరింగు తిప్పాడు. బండి ఆలోచించలేదు. తిరిగింది.

"ఊపిరి తీసుకోవచ్చు," అన్నాడు.

"నువ్వు తీసుకో. నేను వింటున్నా."

కనుమ మీద ఏడెనిమిది బండ్లు ఆగి ఉన్నాయి, బానెట్లు ఎత్తుకుని. ఏటా దారి తెరిచిన రోజు డ్రైవర్లందరూ అక్కడ ఆగుతారు. ఆ దారిలో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి దగ్గర నాలుగు చుక్కల చాచా, ద్రాక్ష సారా, నేలకి పోసి, తాము పెదవులు తడుపుకుని దిగుతారు. అందరిలోకీ పెద్దవాడు లగాజా, డెబ్భై ఏళ్ళ ఎండు మనిషి, మక్వాలాని చూసి మొదలుపెట్టాడు.

"ఏంటి ఇమేదా, గేట్ల వెల్డరమ్మని వెంటేసుకొచ్చావు? తలుపు ఊడితే పట్టుకోడానికా?"

నలుగురు నవ్వారు. సంగతి అప్పటికే లోయంతా పాకింది.

ఇమేదా నవ్వలేదు. "కింద పడుకో," అన్నాడు.

"ఏంటీ?"

"బండి కింద పడుకుని చూడు. రెండు దూలాలూ చూడు. తర్వాత మాట్లాడు."

లగాజా బురద వైపు చూశాడు, తన చొక్కా వైపు చూశాడు. కానీ ఇమేదా గొంతులో ఏదో ఉంది. పెద్దాయన కోటు విప్పి ఒకడి చేతికిచ్చి, కరుగుతున్న మంచులో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. కాళ్ళు మాత్రం బయటున్నాయి. చాలాసేపు కదల్లేదు. తర్వాత కాళ్ళు కుడి పక్కకి జరిగాయి. మళ్ళీ ఎడమకి జరిగాయి.

"దీపం ఇటివ్వండ్రా," అని వినపడింది లోపలినుంచి.

ఎవడో ఫోన్‌లో లైటు వేసి ఇచ్చాడు. ఇచ్చినవాడు కూడా పడుకున్నాడు. మూడోవాడు మోకాళ్ళ మీద వంగాడు. కొండ మీద మగాళ్ళు, మెడలు పట్టేసేదాకా దారినే చూసే మగాళ్ళు, బురదలో పొర్లి ఒక అతుకుని చూస్తున్నారు. లగాజా బయటికొచ్చి, వీపంతా తడిసి, లేచి నిలబడ్డాడు.

"రెండూ ఒక్క చెయ్యే," అన్నాడు. "నేను గుడ్డోణ్ణి కాదు. మరి నిరుడు కుడిది గిగో వేశాడన్నావు?"

"గిగో అన్నాడు. నేను నమ్మాను."

"మరి తెగింది?"

అందరూ మక్వాలా వైపు తిరిగారు. ఆమె గాలికి కండువా బిగించుకుంటోంది. గొంతు పెంచలేదు.

"గిగో వేశాడు. అప్పుడు నేను తెలావిలో మా అమ్మ దగ్గరున్నా. జాకీ మీద పెట్టి, ఆపకుండా కాల్చాడు. అందుకే తెగింది."



"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు లగాజా.

"ఎవరడిగారు?" అంది మక్వాలా. "పదకొండేళ్ళుగా మీ బండ్లన్నీ నా నెత్తి మీదే నిలబడ్డాయి. పనయ్యాక మీరంతా గిగోనే అడిగారు, ఎలా ఉంది, నిలుస్తుందా అని. గొయ్యిలోకి వంగి ఎవరైనా అడిగారా? మొన్న నా మీద అరవడానికి మాత్రం ఇమేదాకి నా పేరు గుర్తొచ్చింది."

ఇమేదా మొహం కందగడ్డలా అయింది. "అరిచాను," అన్నాడు. "నలుగురి ముందు అరిచాను. ఇప్పుడు నలుగురి ముందే అంటున్నా, తప్పయింది. ఇంకేం చెయ్యమంటావో చెప్పు."

"దిగేటప్పుడు రెండో గేరులో దిగు. బ్రేకు మీద నిలబడకు. వాసనొస్తోంది."

మొదట నవ్వింది లగాజాయే. నవ్వి, సీసా తీసి, పోయినవాళ్ళకి నాలుగు చుక్కలు పోశాడు. తర్వాత మూత నిండా పోసి మక్వాలాకి అందించాడు. "బతికున్నవాళ్ళకి కూడా ఒకటి పోద్దాం. మమ్మల్ని బతికించి పెట్టినవాళ్ళకి." ఆమె పెదవులు తడుపుకుని తిరిగిచ్చేసింది.

"నా బండి ఎప్పుడు చూస్తావు?" అన్నాడు లగాజా.

"సోమవారం. సరుకుతో రా."

"నేనూ కూర్చోవాలా?"

"నువ్వు నలభై కిలోలున్నావు. ఇంకెవరినైనా తెచ్చుకో."

*

పై ఊళ్ళో సరుకు దింపి, ఆదివారం మధ్యాహ్నానికి కిందికొచ్చారు. గేటు దగ్గర గిగో నిలబడి ఉన్నాడు. అతనికి కబురు నిన్ననే అందింది. మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇమేదా బండి ఆపాడు కానీ దిగలేదు. మక్వాలా దిగింది, తలుపు వేసింది. బండి వెళ్ళిపోయింది.

"చెప్పేశావంట," అన్నాడు గిగో.

"అడిగారు. చెప్పాను."

"నా పేరు బోర్డు మీద పెట్టుకుని ఇక ఎవడి మొహం చూడను? ఎవడొస్తాడు ఇక్కడికి?"

"రేపు లగాజా వస్తాడు. ఎల్లుండి ఇంకో రెండు బండ్లు." ఆమె పంపు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. "కుడి పక్క నేను వేస్తా. ఎడమ పక్క నువ్వు."

గిగో ఆమె వేళాకోళం చేస్తోందేమో అని చూశాడు. చెయ్యడం లేదు.

"నేనా? నేను వేస్తే ఒప్పుకుంటారా?"

"మొదట ఒప్పుకోమనే అన్నారు. నేను పైన కూర్చుని చెప్తా, గిగో కింద నేను చెప్పినట్టు చేస్తాడన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు. మొదటి ప్రయాణంలో పక్క సీట్లో కూర్చునేది నువ్వే. అదీ చెప్పాను."

గిగో గేటు కమ్మి పట్టుకుని, దాని అతుకు దగ్గర తుప్పుని గోటితో గీకుతూ నిలబడ్డాడు. గీకుతూనే ఉన్నాడు. తిడతాడో, లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాడో ఆమెకి తెలియదు. రెండిటికీ సిద్ధపడే ఉంది. మరిది మొహం చూడకుండా వేళ్ళ సందుల్లో నలుపుని రుద్దుకుంటోంది.

"నిలుస్తుందనే అనుకున్నా వదినా నిరుడు," అన్నాడు చివరికి. "నువ్వు చేసేది రోజూ చూస్తున్నానుగా, వచ్చేసిందనుకున్నా."

"పైనుంచి చూశావు."

అతను తలూపాడు.  

"ఎంత బరువు వెయ్యాలి?"

పదకొండేళ్ళలో గిగో ఆమెని పని గురించి అడిగిన మొదటి మాట అది. మక్వాలా పంపు కట్టేసింది. తడి చేతులతోనే గొయ్యి వైపు నడుస్తూ, అతను వెంట వస్తున్నాడో లేదో చూడకుండానే, చెప్పడం మొదలుపెట్టింది.